పేరు కొట్టిన క్యారియర్

మా మేడం ఎవరేమిచ్చినా తీసుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. వద్దని మొండికేసే మనిషికి ఏదో ఒకటి అంటగట్టడం నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విద్య. గోల్నాకలో స్టీలు సామాన్ల కొట్టు మాది. గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకున్నదాన్ని. గిరాకీ 'వద్దు' అన్నాడంటే బేరం ఇప్పుడే మొదలైందని నాకు అర్థమవుతుంది. మేడం ఆ అవకాశమే ఇవ్వరు. నవ్వుతూ తీసుకుంటారు, 'ఎంత బాగుందమ్మా' అంటారు, కొన్నాళ్లు బల్ల మీద పెట్టుకుంటారు. తర్వాత అది ఇంకెవరి దగ్గరో కనిపిస్తుంది.

మా సీనియర్లు చందాలు వేసుకుని కొనిచ్చిన పెన్ను డిపార్ట్‌మెంట్ అటెండర్ చొక్కా జేబులో తేలింది. ఇంకో బ్యాచ్ ఇచ్చిన గోడగడియారం క్యాంటీన్ పక్కన జిరాక్స్ షాపులో తిరుగుతోంది. ఎవరో పెట్టిన పట్టుచీరను మెట్లు ఊడ్చే ఆమె బతుకమ్మకు కట్టుకుని వచ్చి, కుచ్చిళ్లు సరిగ్గా కుదిరాయా అని మేడంనే అడిగింది. మేడం వంగి సర్దారు కూడా. ఇందులో దాపరికమేమీ లేదు. ఇచ్చినవాళ్ల ఎదుటే చెప్పేస్తారు. "మీ గడియారం జిరాక్స్ అతనికిచ్చానమ్మా, పాపం వాళ్లావిడ ఫోను చేసేదాకా అతనికి భోజనం వేళ తెలియదు" అన్నారు ఒకసారి. ఇచ్చిన బ్యాచ్‌వాళ్లు నవ్వలేక నవ్వారు.

ఆవిడ ఈమధ్యే రిటైరయ్యారు. తార్నాకలో ఫ్లాటు ఖాళీ చేసి, చీరాలలో వాళ్ల అక్కగారి దగ్గరికి వెళ్లిపోతున్నారని తెలిసినప్పటి నుంచి నా కాళ్లు ఒకచోట నిలవలేదు. నా పీహెచ్‌డీ అప్పటికే అయిపోయింది. డిగ్రీ చేతికి రాకముందు గైడుకు ఏమిచ్చినా అది లంచంలా కనిపిస్తుందని ఇన్నేళ్లూ ఆగాను. ఇప్పుడు ఆ అడ్డం లేదు. నాకు కావలసింది ఒక్కటే. నేనిచ్చిన వస్తువు ఆవిడతో చీరాల దాకా పోవాలి. అక్కడ అల్మారాలోనో వంటింట్లోనో ఉండిపోవాలి. ఇంకొకరి చేతికి మారకూడదు.

అంత పంతం ఎందుకంటే, చెప్పాలి.

ఎమ్మేలో మొదటి ఇంటర్నల్ పరీక్షలో మార్కులు తక్కువ వచ్చాయని ఆవిడ గదికి వెళ్లాను. అడిగితే పెరగనిది ఈ లోకంలో ఏదీ లేదని అప్పటి నా నమ్మకం. మేడం నన్ను కూర్చోబెట్టి, నా జవాబు కాగితం నా చేతికే ఇచ్చారు. "ఎక్కువ వెయ్యడానికి నాకేం కష్టం లేదు. ఏ వాక్యానికి వెయ్యమంటావో నువ్వే చూపించు" అన్నారు. నేను ఒక్కో వాక్యం చదువుతుంటే "అంటే?" అని అడిగేవారు, అంతే. కోపం లేదు, వెటకారం లేదు. కాగితం చివరికొచ్చేసరికి "ఇది తీసేయొచ్చు మేడం, ఇది కూడా తీసేయొచ్చు" అని నేనే కొట్టేసుకుంటున్నాను. బేరానికి వెళ్లి, ఉన్న మార్కులు కూడా తగ్గించుకుని బయటికొచ్చాను. తార్నాక బస్టాపు దాకా నడుస్తూ ఆవిడను తిట్టుకున్నాను. మర్నాడు మళ్లీ అదే గది ముందు నిలబడ్డాను.

తర్వాత పీహెచ్‌డీ మధ్యలో మా నాయినకు గుండె ఆపరేషన్ అయింది. కొట్టు మీద నేను కూర్చోవలసి వచ్చింది. కొట్టు తప్పించుకోవడానికే యూనివర్సిటీకి పోయినదాన్ని, చిల్లర కొట్ల మీదే థీసిస్ రాస్తూ, చివరికి ఆ చిల్లర కొట్లోనే చిక్కుకుపోయాను. క్యాంపస్‌కు వెళ్లడం మానేశాను. ఫోన్లు ఎత్తడం మానేశాను. థీసిస్ ఇంక కాదని లోపల తేల్చేసుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టు ముందు ఆటో ఆగింది. మేడం దిగారు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతిలో బైబిలు, భుజానికి సంచీ. "గరిటె కావాలమ్మా" అన్నారు. నేను కంగారుగా ఉన్నవన్నీ దించాను. ఒకటి తీసుకుని, చెప్పిన ధరకే డబ్బులిచ్చి, స్టూలు మీద కూర్చుని సంచీలోంచి నా అధ్యాయం తీశారు. అంచుల నిండా పెన్సిలుతో ప్రశ్నలు. గిరాకీ వస్తే ఆగేవారు, పోగానే వదిలిన చోటి నుంచి మొదలుపెట్టేవారు. పెళ్లి సామాన్ల కోసం వచ్చిన కుటుంబమొకటి బిందెలు తట్టి చూస్తుంటే, ఆ మోత మధ్యలో "ఈ పేరాలో నువ్వు ఎవరితో పోట్లాడుతున్నావు?" అని అడిగారు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు వచ్చారు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి కొనేవారు. గరిటె, జల్లెడ, పట్టకారు. నాయిన కోలుకుని గల్లా మీద కూర్చున్నాక కూడా అంతే. ఒక్కనాడూ తగ్గించమని అడగలేదు.

"మేడం, అడగండి, తగ్గిస్తాం" అని నేను చెవిలో చెప్పేదాన్ని.

"మీ నాన్నగారు చెప్పింది ధర కాదా?"

"ధరే. కానీ అది అడగడానికి పెట్టిన ధర."

"మరి ఇవ్వడానికి పెట్టిన ధర ముందే చెప్పొచ్చుగా."

ఆవిడ వెళ్లాక నాయిన అవస్థ చూడాలి. "బిడ్డా, గీ మేడంకు సామాను అమ్ముడంటే నాకు మనసున పడుతలేదు. ఒక్కసారన్న జర తక్కువ చెయ్యుమని అడగమను. నేను చెప్పింది చెప్పినట్టు ఇస్తే నాకే అనుమానమైతున్నది" అనేవాడు.

ఆ గరిటెలన్నీ ఎవరెవరి వంటిళ్లలో ఉన్నాయో నాకు తెలియదు. థీసిస్ మాత్రం పూర్తయింది.

అంత చేసిన మనిషికి మా కొట్టు సామానే ఇవ్వడమనే ఆలోచనను మొదట్లోనే పక్కన పెట్టాను. ఇంట్లోంచి తీసి ఇచ్చినట్టుంటుంది. తార్నాకలో దొరకని వస్తువుందా అనుకుని బయల్దేరాను. తోడుకు క్యాంపస్ హాస్టల్లో ఉండే నా స్నేహితురాలిని లాక్కుపోయాను. కడప పిల్ల, మేడం దగ్గరే రీసెర్చి చేస్తోంది. నాలుగు మాటల్లో తేలే విషయాన్ని మూడు మాటల్లో తేల్చే మనిషి.

మెట్రో స్టేషన్ కింద గిఫ్టు షాపులో గాజు దిమ్మ చూపించాడు దుకాణదారు. లోపల ఫొటో కనిపిస్తుంది, కింద లైటు వెలుగుతుంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. ధర విని నవ్వాను, గాజు అంచు గోటితో గీకాను, పక్క షాపు పేరెత్తాను, రెండు మెట్లు దిగాను. అతను వెనక్కి పిలిచి నేనన్న ధరకే ఇస్తానన్నాడు. ఆ క్షణంలోనే ఆ దిమ్మ మీద నాకున్న మోజు ఆరిపోయింది. ఇంత సులువుగా దిగొచ్చాడంటే దీని విలువ ఇంతేనన్నమాట. ఇంత తక్కువ విలువదాన్నా నేను మేడంకు ఇచ్చేది?

"తగ్గించినాడు గదా, తీసుకో మే" అంది కడప పిల్ల.

"తగ్గించాడనే వద్దు."

"యాడన్నా విన్న్యామా ఇది?"

దుకాణదారు దిమ్మను తుడిచి మళ్లీ అద్దాల అరలో పెట్టుకుంటూ, "అక్కా, మీరు కొనేతందుకు వచ్చిన్రా, నాతోని ముచ్చట పెట్టేతందుకు వచ్చిన్రా?" అన్నాడు. మేమూ దుకాణం వాళ్లమే అన్నాను, క్షమించమన్నట్టుగా. "గందుకే గిట్ల సతాయిస్తున్నవ్" అన్నాడు.

సరే, బేరమాడనే వద్దని ఒట్టు పెట్టుకుని చీరల షాపుకు వెళ్లాం. 'ఒకటే ధర' అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అది చదివితే నాకు నాలుక దురద పుడుతుంది. బూడిదరంగు మీద సన్నని ఎర్రంచు చీర, మేడం కోసమే నేసినట్టుంది. బిల్లు కౌంటర్ దాకా వెళ్లాను. బేరం లేకుండా డబ్బు తీస్తుంటే ఎవరో నా జేబు కొడుతున్నట్టూ, నేను కళ్లప్పగించి చూస్తున్నట్టూ అనిపించింది. కడప పిల్ల నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "అడగొద్దు, గమ్మునుండు" అంటోంది. అప్పుడు మెట్లు ఊడ్చే ఆమె, ఆమె కుచ్చిళ్లు గుర్తొచ్చాయి. ఈ చీర కూడా ఆమెకు బాగానే నప్పుతుంది. కౌంటర్ మీద చీర వదిలేసి బయటికొచ్చేశాను.

"నువ్వు బహుమతి కొనల్లనుకుంటాండావా, తార్నాకలో ఉండే అంగళ్లోళ్లనందరినీ ఏడిపియ్యల్లనుకుంటాండావా?" అంది కడప పిల్ల.

"ఆవిడ ఎవరికీ ఇవ్వలేని వస్తువు కావాలి."

"అట్లయితే నువ్వే పోయి ఆమింట్లో కూచో."

ఆ మాటకు నవ్వాను గానీ నా తిరుగుడు ఆగలేదు. సీతాఫల్‌మండి వైపు ఒక నర్సరీలో మొక్కలు చూశాను. రైల్లో మొక్కనెలా పంపడం? చేతిగడియారం అనుకున్నాను, మణికట్టు నుంచి మణికట్టుకు మారడం ఎంతసేపు. పొద్దున క్యాంపస్ రోడ్ల మీద నడిచేదాన్ని, నడక మధ్యలో ఏదో తట్టి తార్నాక వైపు తిరిగేదాన్ని, మెట్రో మెట్ల దగ్గరికి వచ్చేసరికి అది పనికిరాదని తేలిపోయి వెనక్కి తిరిగేదాన్ని. కూర్చుని చెయ్యాల్సిన పనులన్నీ మూలపడ్డాయి.

చివరికి మేడంనే చుట్టుతిప్పి అడుగుదామనుకున్నాను. డిపార్ట్‌మెంట్ గదిలో ఆవిడ పుస్తకాలు కట్టలు కడుతుంటే సాయంగా కూర్చుని, "మేడం, చీరాలలో మీకు ఏం ఉండదు?" అన్నాను.

"ఏం ఉండకపోవడమేం? సముద్రం ఉంటుంది."

"అది కాదు మేడం. ఇంట్లో."

"ఇంట్లో చోటుండదు. పెట్టె నిండా బట్టలు తప్ప ఇంకేమీ తేవొద్దని అక్క గట్టిగా చెప్పింది. ఈ వయసులో కూడా అక్క మాటంటే నాకు భయమేనమ్మా."

ఆ వారమే డిపార్ట్‌మెంట్‌లో వీడ్కోలు సభ పెట్టారు. ఎండాకాలం, సెమినార్ హాల్లో ఫ్యాన్లు వేడిగాలి తోలుతున్నాయి. మా దగ్గర గౌరవమంటే శాలువాయే. ఒకరి తర్వాత ఒకరొచ్చి మేడం భుజాల మీద శాలువాలు కప్పారు. ఆవిడ చెమటలు కక్కుతూ ప్రతిదానికీ తల వంచారు. సభ అయిపోయి గుమ్మం దాటేలోపు ఆ శాలువాలన్నీ పంచడం అయిపోయింది. వాచ్‌మన్‌కు ఒకటి, అటెండర్ వాళ్లమ్మకు ఒకటి, మైకులు పెట్టిన అతనికి ఒకటి. ఏనుగు బొమ్మ ఉన్న మెమెంటోను ఆఫీసు క్లర్కు కాగితాల మీద బరువుకు పెట్టుకుంది. అందరూ సంతోషంగా ఉన్నారు. నేనొక్కదాన్నే ఏది ఎవరి చేతికి పోయిందో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

సాయంత్రం కొట్లో సరుకు సర్దుతూ పెట్టినదాన్నే తీసి మళ్లీ పెడుతుంటే నాయిన చూశాడు.

"ఏందే, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?"

చెప్పాను. అంతా విని, "ఆమె ఎవ్వలకన్న ఇచ్చుకుంటే నీకేం నష్టం?" అన్నాడు.

"నష్టం కాదు నాయినా."

"మరేంది?"

సర్దిన గిన్నెనే మళ్లీ తీసి తుడిచాను. నాయిన కాసేపు గల్లా మీద వేళ్లు ఆడించి, "అయితే పేరు కొట్టు" అన్నాడు. "పేరు కొట్టిన సామాను వాపసు రాదు, ఇంకో చేతికి పోదు."

ఎలా మరిచిపోయానో. స్టీలు కొట్లలో పేర్లు కొట్టే మిషన్ ఉంటుంది. లావుపాటి పెన్నులా ఉండి, మొన దగ్గర సన్నని సూది టకటకా ఆడుతుంది. దానితో గిన్నె మీద చుక్కలు చుక్కలుగా పేరు రాస్తారు. పెళ్లికి బిందె ఇచ్చేవాళ్లు తమ పేరు కొట్టించుకునే తీసుకెళ్తారు. ఎవరిచ్చారో తెలియడానికి అని పైకి చెప్తారు. అసలు సంగతి మాకు తెలుసు. పేరు లేకపోతే ఆ బిందె వచ్చే మాఘమాసంలో ఇంకో పెళ్లికి వెళ్లిపోతుంది. మా కొట్లో ఆ మిషన్ పని ఎనిమిదో తరగతి నుంచీ నాదే. గోల్నాకలో సగం వంటిళ్లలో నా చేతిరాత ఉంది.

పై అరలో, అట్టపెట్టెలో, మందపు స్టీలు క్యారియర్ ఒకటి ఉంది. నాలుగు గిన్నెలది. ఎవరడిగినా నాయిన అమ్మేవాడు కాదు. "ఇప్పుడు గిట్ల మందం వస్తలేదు" అని నెలకోసారి దించి, తుడిచి, మళ్లీ పెట్టేవాడు. అది దించమన్నాడు. మా కొట్టు సామానే అయినా, అమ్మకానికి కాని సామాను గనుక నా మనసు ఒప్పుకుంది.

ఇంక ఎవరి పేరు కొట్టాలన్నది. ఆనవాయితీ ప్రకారం ఇచ్చేవాళ్ల పేరు. కానీ నా పేరున్న క్యారియర్ ఎవరింట్లో ఉన్నా మేడంకు ఇబ్బంది లేదు, హాయిగా ఇచ్చేస్తారు. ఆవిడ పేరే ఉంటే? తన పేరున్న సామాను ఎవరి చేతిలో పెడతారు? ఇంత లోతుగా ఆలోచించినందుకు నన్ను నేనే మెచ్చుకుని, మిషన్ అందుకున్నాను. మూత మీద కొట్టాను. పై గిన్నె మీద కొట్టాను. రెండో గిన్నె తీస్తుంటే నాయిన కళ్లద్దాలు పైకి నెట్టాడు.

"అన్నిటి మీదనా?"

"విడదీసి ఇచ్చేస్తరు నాయినా. ఒక్కటి గూడ వదలొద్దు."

నాయిన పై గిన్నె అందుకుని తిప్పి చూశాడు. "నేను గల్లా మీద కూసుంటె ఇరవై ఏండ్లకు వచ్చిన బుద్ధి నీకు గిప్పుడే వచ్చింది. నీతోని ఏగుడు కష్టం" అన్నాడు, ముచ్చటపడుతున్నాడో భయపడుతున్నాడో తెలియకుండా.

మేడం ప్రయాణానికి ముందురోజు తార్నాకలో ఆవిడ ఫ్లాటుకు వెళ్లాను. తలుపు తీసే ఉంది. హాల్లో సోఫా ఉండాల్సిన చోట నాలుగు కాళ్ల మచ్చలు మాత్రం ఉన్నాయి. గోడల మీద మేకులు.

"రామ్మా. కుర్చీ లేదు, మీ కడప పిల్ల తీసుకెళ్లింది. ఆ బియ్యం డబ్బా మీద కూర్చో. డబ్బా కింది ఫ్లాటు వాళ్లది, సాయంత్రం వస్తారు, అప్పటిదాకా నీదే."

నేను కూర్చోలేదు. సంచీలోంచి క్యారియర్ తీసి రెండు చేతులతో ఇచ్చాను. దారి పొడవునా కూర్చుకున్న మాటల్లో రెండే మిగిలాయి. "మీకు, మేడం" అన్నాను.

ఆవిడ బరువు చూసుకుని, "ఇంత గట్టిది ఎక్కడ దొరికింది?" అంటూ కిటికీ వెలుగులోకి తిప్పారు. మూత మీద పేరు కనిపించింది. కళ్లద్దాలు వెతుక్కుని పెట్టుకున్నారు. వేలితో ఆ చుక్కల వెంట వెళ్లారు.

"ఎవరు రాశారమ్మా?"

"నేనే మేడం."

"నా పేరు ఇంత గుండ్రంగా ఉంటుందని నాకు తెలియదు. నేను సంతకం పెడితే కోడి గీకినట్టుంటుంది."

క్లిప్పు తీసి గిన్నెలు విడదీశారు. రెండో గిన్నె మీద పేరు. మూడో గిన్నె మీద పేరు. అడుగుదాన్ని తిప్పి చూసి, నవ్వడం మొదలుపెట్టారు. శబ్దం లేకుండా, భుజాలు కదిలేలా.

"ఎవరికీ ఇవ్వకుండా చేశావన్నమాట."

నేను గోడ మీది మేకులు లెక్కపెట్టాను.

"గడుసుదానివే." గిన్నెలన్నీ తీసుకుని వంటింట్లోకి వెళ్లారు. గెలిచాననుకున్నాను. అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆ బియ్యం డబ్బా మీద తీరిగ్గా కూర్చున్నాను. లోపల పొయ్యి వెలిగిన చప్పుడు, ఫ్రిజ్ తలుపు చప్పుడు, గరిటె చప్పుడు. దారిలో తినడానికి సర్దుకుంటున్నారనుకుని ఇంకా మురిసిపోయాను. బోణీ కూడా అయిపోతోంది.

కాసేపటికి వేడిగా, నిండుగా, క్లిప్పు బిగించిన క్యారియర్ తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"గోంగూర మాంసం, పప్పు, అన్నం. పైన పెరుగు. మీ నాన్నగారికని కారం తగ్గించాను. ఫ్రిజ్ ఎలాగూ ఖాళీ చెయ్యాలి."

"గిన్నెలు కడిగి రేపు పొద్దున్నే తెస్తాను మేడం."

"నా బండి తెల్లారకముందే."

"అయితే వేరే డబ్బాలో వెయ్యండి."

"వేరే డబ్బాలెక్కడివి, అన్నీ ఇచ్చేశాను."

అప్పటికి నాకు అర్థమైంది. లేచి నిలబడ్డాను. "మేడం, ఇది మీకు తెచ్చాను."

"నాకే తెచ్చావు. కాదన్నానా? నా పేరుంది చూడు. నాదే. నీ దగ్గర ఉంటుంది."

"మీరు చీరాల తీసుకెళ్లాలి."

"పెట్టెలో చోటు లేదమ్మా."

"స్టేషన్ దాకా నేను మోస్తాను."

"దిగాక ఎవరు మోస్తారు?"

"పోనీ పై గిన్నె ఒక్కటి ఉంచుకోండి. అరచేతిలో పడుతుంది."

"సెట్టు విడదీసి ఇస్తారా మీ కొట్లో?"

"ఇవ్వం."

"మరి."

ఇన్నేళ్ల ఆదివారాల్లో ఈవిడ ఇంత వ్యాపారం నేర్చుకున్నారని నాకు తెలియదు. ఇంక నా దగ్గర బేరం అయిపోయింది. మిగిలింది ఉన్నమాటే.

"మీరు అన్నీ ఇచ్చేస్తారు మేడం. నేనిచ్చింది ఒక్కటైనా మీ దగ్గర ఉండాలని. నన్ను చూసినప్పుడు కాదు, మీరు దాన్ని చూసినప్పుడు నేను గుర్తు రావాలని."

మేడం కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడిచారు. తుడవడం ఎక్కువసేపు పట్టింది.

"ఇంట్లో ఉన్న వస్తువులు నాకు కనిపించవమ్మా. వాటి మీద దుమ్ము దులుపుతాను, అంతే. ఎవరి దగ్గరో ఉన్నవైతే, అది వాళ్లు వాడుతున్నారా, పగలగొట్టారా, ఇవాళ అందులో ఏం వండారు అని అడుగుతుంటాను. నీ దగ్గర నాదొకటి ఉందంటే నేను ఊరుకుంటానా? ఫోను చేసి సతాయిస్తాను." గుమ్మం దాకా వచ్చారు. "జాగ్రత్తగా పట్టుకో, పప్పు పల్చగా ఉంది."

ఆటోలో ఒళ్లో వేడి క్యారియర్ పెట్టుకుని గోల్నాక వస్తున్నంతసేపూ నాకు ఏడుపు, కోపం, ఆకలి ఒకదాని మీదొకటి వచ్చాయి. పొద్దున ఏ వస్తువు పట్టుకుని బయల్దేరానో సాయంత్రానికి అదే వస్తువుతో తిరిగొస్తున్నాను. మా వ్యాపారంలో దీన్ని సరుకు వాపసు అంటారు. పేరు కొట్టిన సామానుకు అది ఉండదని నాయిన చెప్పాడు.

రాత్రి అందరం తిన్నాం. గోంగూర బాగుందని నాయిన రెండోసారి వేయించుకున్నాడు. అమ్మ గిన్నెలు తోమి, పొడిగుడ్డతో తుడిచి, మా సామానుతో కలపకుండా కిటికీ గట్టు మీద విడిగా బోర్లించింది.

"ఇగో, మీ మేడం టిఫిన్ డబ్బ. ఎన్నడిస్తవ్?"

"ఇచ్చేది లేదమ్మా. నా దగ్గర ఉంచుమన్నరు."

"అంటే నీకిచ్చిందా?"

"ఇయ్యలే. ఆమెదే. నా దగ్గర ఉంటది."

"గదేం లెక్క?" అంది అమ్మ. "పేరు ఆమెది, వస్తువు ఆమెది, ఉండుడు మనింట్లనా? చుట్టాలెవరన్న చూస్తే స్టీలు దుకాణమోళ్ల ఇంట్ల ఊరోళ్ల టిఫినేంది అనరా?"

నాయిన వైపు చూశాను. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇదే గొడవ. అమ్మ ఆ క్యారియర్‌ను వాడదు, వాడనివ్వదు. మేడం ఫోను చేసినప్పుడల్లా మొదటి మాటగా "నా క్యారియర్ ఎలా ఉంది?" అంటారు. గట్టు మీద ఖాళీగా ఉందని చెప్పలేక, ఇవాళ బగారా అన్నం పెట్టుకెళ్లాననో, పులిహోర అనో అబద్ధాలాడతాను. "అందులో పులుపు ఎక్కువసేపు ఉంచకు" అంటారు. అలాగే మేడం అంటాను. ఫోను పెట్టేశాక కిటికీ దగ్గరికి వెళ్లి ఒకసారి తుడిచి వస్తాను.

దసరా సెలవులు రాగానే అమ్మ ఓపిక అయిపోయింది. గిన్నెల నిండా సకినాలు, నువ్వుల లడ్డూలు, కారప్పూస నింపి, క్లిప్పు బిగించి గడప దగ్గర పెట్టింది. "ఖాళీగ ఇయ్యద్దు గని, పో, ఇచ్చి రా. ఒకరి సామాను ఇంట్ల ఉంటే నాకు నిద్ర వస్తలేదు."

మేడంకు ఫోను చేశాను. "అమ్మ పంపిస్తున్నది మేడం, క్యారియర్ తెస్తున్నా."

"రా రా. అక్క కూడా చూస్తానంటోంది. అంత మందం స్టీలు ఈరోజుల్లో ఎక్కడిది, నేను చూడాలి అంటోంది."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మళ్లీ కుదురు పోయింది. సికింద్రాబాద్‌లో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని, క్యారియర్ కాళ్ల మధ్య పెట్టుకున్నాను. ఎదుటి సీటు పెద్దాయన మూత మీది పేరు చదివి "మీరేనా అమ్మా?" అన్నాడు. కాదండి, మా మేడందండి అన్నాను. రైలు కదిలింది. వాళ్ల అక్కగారికి నచ్చితే? ఇక్కడే ఉండనీ, పచ్చళ్లకు బాగుంటుంది అంటే? అక్క మాటంటే మేడంకు భయం. అల్మారాలో ఎక్కడో చోటు చేసి పెట్టేస్తారు. నేను ఏ బహుమతి కోసం తార్నాక అంతా తిరిగానో సరిగ్గా అదే జరుగుతుంది, నేను ఉత్త చేతులతో గోల్నాక వస్తాను, ఫోనులో మేడం అడగడానికి ఏమీ ఉండదు.

విజయవాడ దాటేదాకా ఏం చెప్పి వెనక్కి తెచ్చుకోవాలా అని ఆలోచించాను. నా గిన్నెలు కావాలని అడగలేను, అన్నిటి మీదా ఆవిడ పేరు నేనే కొట్టాను. తెనాలి దగ్గర పెద్దాయన కునికిపాట్లు పడుతుండగా, తలలోంచి పిన్ను తీసి, క్లిప్పు మూల దగ్గర సీల కిందికి దూర్చి మెల్లగా వదులు చెయ్యడం మొదలుపెట్టాను. నాయిన అమ్మకుండా దాచుకున్న సామాను, తొందరగా లొంగలేదు. బాపట్ల వచ్చేసరికి కొంచెం ఊగుతోంది. ఇలా వదిలేస్తే పాడైపోతుంది మేడం, తీసుకెళ్లి నాయినతో బిగించి తెస్తాను అని చెప్పడానికి ఆ వదులు సరిపోతుందా లేదా అని, మూత పట్టుకుని మళ్లీ మళ్లీ కదిపి చూసుకుంటూ కూర్చున్నాను.